బ్రాడ్‌షీట్ అంటే ఎంత? డెస్క్‌లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

జర్నలిజం చదివి కొత్తగా డెస్క్‌కు వచ్చిన పిల్లలను బ్రాడ్‌షీట్ అంటే ఏంటని అడిగితే, పదిమందిలో ఎనిమిదిమంది ‘సీరియస్ పేపర్’ అంటారు. ఇరవై ఏళ్లుగా తెలుగు దినపత్రికలో పేజీలు పెడుతున్నాను. ఈ మాట విన్న ప్రతిసారీ డ్రాలోంచి స్కేలు తీసి చేతికివ్వాలనిపిస్తుంది.

అపోహ: బ్రాడ్‌షీట్ అంటే నికార్సయిన వార్తలు, ట్యాబ్లాయిడ్ అంటే గాసిప్.

వాస్తవం: రెండూ కాగితం కొలతలే. బ్రాడ్‌షీట్ పెద్దది, ట్యాబ్లాయిడ్ సుమారు అందులో సగం. బ్రిటన్‌లో హుందా పత్రికలు పెద్ద సైజులో, సంచలన పత్రికలు చిన్న సైజులో వచ్చేవి. అలా సైజు పేరే స్వభావానికి పేరైపోయింది. ఇప్పుడు అక్కడే ఆ లెక్క కుదరడం లేదు. ‘ది టైమ్స్’ 2004లో చిన్న సైజుకు మారింది. ట్యాబ్లాయిడ్ అనిపించుకోవడానికి మొహమాటమేమో, ‘కాంపాక్ట్’ అని పేరు పెట్టుకుంది. ‘గార్డియన్’ 2005లో మధ్యరకం బెర్లినర్ సైజుకు దిగి, 2018లో ట్యాబ్లాయిడ్ అయింది. జర్మనీలో ‘బిల్డ్’ సంచలనాలకు పెట్టింది పేరు, కానీ అచ్చయ్యేది పెద్ద కాగితం మీద.

మన దగ్గరైతే సంపాదకీయం, సినిమా కబుర్లు, రాశిఫలాలు అన్నీ ఒకే పెద్ద పేపర్లో సర్దుకుంటాయి. 1989లో ‘ఈనాడు’ జిల్లా వార్తలకు ట్యాబ్లాయిడ్ అనుబంధాలు మొదలుపెట్టింది. అలాంటి పేజీల్లో ఉండేవి మంచినీటి ట్యాంకు గొడవలు, మార్కెట్ యార్డు ధరలు, మండల సమావేశాలు. వాటిని గాసిప్ అంటే మా స్టాఫ్ రిపోర్టర్లు ఊరుకోరు.

అన్నట్టు, ట్యాబ్లాయిడ్ అనేది మందుల షాపులోంచి వచ్చిన మాట. 1884లో బరోస్ వెల్‌కమ్ అనే కంపెనీ తన మాత్రలకు రిజిస్టర్ చేసుకున్న ట్రేడ్‌మార్క్ అది. మందును కుదించి మాత్ర చేసినట్టు, వార్తను కుదించిన పేపర్‌కూ ఆ పేరే అంటుకుంది.

అపోహ: పెద్ద పేజీలు పన్ను ఎగ్గొట్టడానికే పుట్టాయి.

వాస్తవం: కొంత నిజం. 1712లో బ్రిటన్ పత్రికలపై స్టాంపు పన్ను వేసింది, అదీ కాగితాల లెక్కన. కాగితం పెద్దదైతే తక్కువ కాగితాల్లో ఎక్కువ వార్తలు పడతాయి. కానీ ఆ పన్ను 1855లో పోయింది, పెద్ద పేజీ మాత్రం పోలేదు.

అపోహ: బ్రాడ్‌షీట్ పేజీని కుదిస్తే ట్యాబ్లాయిడ్ వచ్చేస్తుంది.

వాస్తవం: ఇది మాకు రాత్రి షిఫ్టులో టెన్షన్ తెచ్చే అపోహ. పెద్ద పేజీని అడ్డంగా మడిస్తే ట్యాబ్లాయిడ్ సైజు వస్తుంది, నిజమే. కానీ పేజీలో ఉన్నదంతా అందులోకి కుదించాలంటే, వైశాల్యం సగమవుతుంది కాబట్టి పొడవు, వెడల్పులు సుమారు 70 శాతానికి తగ్గాలి. అంటే 11 పాయింట్ల అక్షరం (పాయింట్ అంటే అక్షరం సైజు కొలత) 8 పాయింట్ల లోపు పడిపోతుంది. ఇంగ్లిష్ అక్షరం దాన్ని ఎలాగోలా తట్టుకుంటుంది. మనకు కింద ఒత్తులున్నాయి. ఒకసారి టైమ్ లేక, మెయిన్ పేపర్ పెద్ద పేజీలో వేసిన పరీక్షల టైమ్‌టేబుల్‌ను అలాగే కుదించి జిల్లా పేజీలో పెట్టేశాం. పొద్దున చూస్తే భౌతిక శాస్త్రం, జీవ శాస్త్రం, సాంఘిక శాస్త్రం... ‘స్త్ర’ ఉన్న ప్రతిచోటా నల్లటి మచ్చ. చిన్న పేజీని మొదటి నుంచీ చిన్న పేజీగానే పెట్టుకోవాలి.

అపోహ: బ్రాడ్‌షీట్ సైజు అంతటా ఒక్కటే.

వాస్తవం: కాదు. ‘వాల్‌స్ట్రీట్ జర్నల్’ 2007లో 15 అంగుళాల వెడల్పును 12కు తగ్గించుకుంది. న్యూస్‌ప్రింట్ ఖర్చు అలాంటిది. మన దగ్గర అచ్చుపడే భాగం సుమారు 33 సెంటీమీటర్ల వెడల్పు, 52 ఎత్తు, ఎనిమిది కాలమ్‌లు. ఒక్కో కాలమ్ నాలుగు సెంటీమీటర్లు. ‘ప్రారంభించనున్నట్లు’ లాంటి మాట పడిందంటే ఆ లైనులో ఇంకేం మిగులుతుంది?

అపోహ: పెద్ద పేజీ కాబట్టి అన్నీ కనిపిస్తాయి.

వాస్తవం: స్టాల్ మీద పేపర్ సగానికి మడిచి ఉంటుంది, కనిపించేది పై సగమే. బ్యానర్ (పేజీ అడ్డంగా పరుచుకునే ప్రధాన హెడ్‌లైన్), పెద్ద ఫొటో అక్కడ ఉండేది అందుకే. ఓ ఉదయం ఒక నాయకుడి ఫొటోలో మడత సరిగ్గా ముఖం మధ్యగా పోయింది. ఆరు గంటలకే ఫోన్లు. అప్పటి నుంచి ఫస్ట్ పేజీ ప్రూఫ్ చేతికి రాగానే సగానికి మడిచి, గీత ఎవరి ముక్కు మీదుగా పోతోందో చూసుకుంటాను.