ఏరిత్ తిరిగి రాదు, గుహలో నిద్రపోయే మనిషి మాత్రం నిజమే: ఫైనల్ ఫాంటసీ 7 అపోహలు - వాస్తవాలు

1997 జనవరి 31న జపాన్‌లో మూడు డిస్కులతో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 చుట్టూ పుట్టినన్ని పుకార్లు మరే గేమ్‌కీ పుట్టలేదేమో. ఏది రహస్యమో ఏది పుకారో తేల్చుకోవడానికి ఒక కొండగుర్తు ఉంది. ఈ గేమ్‌లోని అసలైన రహస్యాలు చాలా వరకు ఏదో ఒక అంకెను చూస్తాయి: ఎన్ని యుద్ధాలు చేశారు, హెచ్‌పీ (ప్రాణబలం) ఎంత, ఎన్ని మెటీరియాలు (శక్తులిచ్చే గోళాలు) తొడిగారు. పుకార్లు అంకెను చూడవు, చాకిరీ చేయించుకుంటాయి: అందర్నీ 99వ లెవెల్‌కి తీసుకెళ్లు, ఫలానా వస్తువులు 99 పోగెయ్యి, ఫలానా చోట వందసార్లు తిరుగు.

అపోహ: జట్టులోని అమ్మాయి ఏరిత్‌ని బతికించే దారి ఉంది.

లేదు. మొదటి డిస్కు చివర ఆమె చనిపోవడం కథలో భాగం, దాన్ని తప్పించే షరతు గేమ్‌లో ఎక్కడా రాసిలేదు. చీట్ డివైజ్‌తో (గేమ్ డేటాను మార్చే పరికరంతో) ఆమెను మళ్లీ జట్టులోకి ఎక్కించవచ్చు, పోరాడుతుంది కూడా. కానీ కథ దృష్టిలో ఆమె చనిపోయే ఉంటుంది. పుకారు ఇంతకాలం నిలబడటానికి గేమే రెండు ఆధారాలిచ్చింది. ఒకటి చర్చి. రెండో డిస్కులో బోన్ విలేజ్‌లో తవ్విస్తే మిడ్గార్ నగరంలోని 5వ సెక్టార్ తాళంచెవి దొరుకుతుంది. దాంతో మిడ్గార్‌కి వెళ్లి చర్చిలో అడుగుపెడితే పూల దగ్గర ఏరిత్ క్షణకాలం కనబడి మాయమవుతుంది. కావాలని పెట్టిన దృశ్యమే అది, అక్కడితో సరి.

రెండోది ఆమె నాలుగో స్థాయి లిమిట్ బ్రేక్ (ఒక్కో పాత్రకుండే ప్రత్యేక విద్య), గ్రేట్ గోస్పెల్. త్వరలో పోయే మనిషికి ఇంత బలమైన విద్య ఎందుకిచ్చారని జనం అడగడంలో తప్పులేదు. అది దొరికే పద్ధతి చూడండి. బగ్గీ అనే బండి మీదో, టైనీ బ్రాంకో అనే నీటిమీద తేలే విమానం మీదో జూనాన్ పట్టణం దగ్గరి గుహకి వెళ్లాలి. అక్కడ నిద్రమత్తులో ఉన్న మనిషి ఒక్కోసారి మీరు చేసిన యుద్ధాల సంఖ్య గొణుగుతాడు. ఆ సంఖ్యలో చివరి రెండు అంకెలు ఒకటే అయితే (122, 233 లాగా) ఏదో ఒకటి ఇస్తాడు: కొన్ని జతలకు మిథ్రిల్, కొన్నింటికి బోల్ట్ రింగ్. బోల్ట్ రింగ్ వస్తే ఇంకో 11 యుద్ధాలు చేసి తర్వాతి జత పట్టుకుని రండి. మిథ్రిల్‌ని కీస్టోన్ అనే వస్తువు సంగతి చెప్పే ఆయుధాల వ్యాపారికిస్తే రెండు పెట్టెల్లో ఒకటి తెరవమంటాడు. చిన్నది తెరవండి, గ్రేట్ గోస్పెల్ నేర్పే పుస్తకం అందులోనే ఉంటుంది. పెద్దదాంట్లో గోల్డ్ ఆర్మ్‌లెట్ ఉంటుంది, గ్రేట్ గోస్పెల్ పోయినట్టే. ఇంత చేసినా ఏరిత్‌కి మిగతా ఆరు లిమిట్లూ వచ్చి ఉండకపోతే ఆ పుస్తకం పనిచేయదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

అపోహ: 5వ సెక్టార్ మురికివాడలో పైపులో పడున్న రోగికి మందు దొరికితే వైద్యం చేయవచ్చు.

వైద్యం లేదు. అతని ఒంటిమీది 2 అనే పచ్చబొట్టు కథకు సంబంధించిన సూచన. అలాంటి అంకెలున్నవాళ్లు ముందుముందు ఇంకా కనిపిస్తారు.

అపోహ: యుఫీ, విన్సెంట్ అనే పాత్రలు కథలో ఎలాగూ జట్టులో కలుస్తారు.

వీళ్లిద్దరూ లేకుండానే గేమ్ పూర్తవుతుంది. యుఫీ అడవుల్లో యుద్ధంగా ఎదురవుతుంది. గెలిచాక వచ్చే మైదానంలోని సేవ్ పాయింట్ (ఆటను భద్రపరుచుకునే చోటు) ఒక ఉచ్చు. సేవ్ చేయబోయినా, మెనూ తెరిచినా ఆమె ఉండదు. ఆమె మాటలకు ఇవ్వాల్సిన జవాబుల వరుస, అర్థం మేరకు: ఆసక్తి లేదు, భయంతో బిగుసుకుపోయాను, ఒక్క నిమిషం ఆగు, అవును నిజమే, త్వరగా పోదాం. తప్పు జవాబిస్తే గిల్ (గేమ్‌లోని డబ్బు) కాజేసి పోతుంది.

విన్సెంట్ కోసం నిబెల్‌హైమ్‌లోని షిన్రా భవనంలో ఇనప్పెట్టె తెరవాలి: కుడి 36, ఎడమ 10, కుడి 59, కుడి 97. గడువు 20 సెకన్లు. అంకె దాటి వెనక్కి తిప్పితే కుదరదు, మళ్లీ మొదటికే. 59 తర్వాత అలవాటుగా ఎడమకి తిప్పేవాళ్లే ఎక్కువ. చివరి రెండూ కుడివైపే. పెట్టె తెరవగానే లాస్ట్ నంబర్ అనే బాస్ (పెద్ద శత్రువు) మీద పడుతుంది, కాబట్టి తిప్పేముందే సేవ్ చేసుకోండి. గెలిస్తే విన్సెంట్ ఉండే నేలమాళిగ తాళంచెవితో పాటు ఓడిన్ మెటీరియా, రెడ్ 13 అనే జట్టు సభ్యుడి లిమిట్ బ్రేక్ కాస్మో మెమరీ దక్కుతాయి.

అపోహ: ఎమరాల్డ్, రూబీ వెపన్‌లనే భారీ బాస్‌లు మొదటినుంచీ ఉన్నాయి, లెవెల్ 99 ఉంటే చాలు.

తొలి జపాన్ విడుదలలో ఇవి రెండూ లేవు. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన అమెరికా వెర్షన్‌లో చేర్చారు. ఎమరాల్డ్‌కి 10,00,000 హెచ్‌పీ, రూబీకి 8,00,000. ఎమరాల్డ్‌తో నీటి అడుగున 20 నిమిషాలే పోరాడగలరు, అండర్‌వాటర్ మెటీరియా ఉంటే ఆ గడువు పోతుంది. దాని ఏర్ టామ్ స్టార్మ్ (Aire Tam Storm) అనే దాడి మీ లెవెల్‌ని లెక్కచేయదు. ఒక్కొక్కరికి తొడిగిన ఒక్కో మెటీరియాకి 1,111 చొప్పున కొడుతుంది. తొమ్మిది తొడిగితే 9,999, నిండు హెచ్‌పీ ఉన్నా చావే. ఎనిమిది దగ్గర ఆగండి. ఆ పేరులోని మొదటి రెండు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే మెటీరియా అని వస్తుంది, హెచ్చరిక పేరులోనే పెట్టారన్నమాట. రూబీ మాత్రం మొదట్లోనే ఇద్దర్ని యుద్ధంలోంచి ఊడబెరుకుతుంది. అందుకే ఇద్దరు చచ్చిపడి ఉండగానే యుద్ధం మొదలుపెట్టి, అది తన చేతుల్ని ఇసుకలోకి దించాక లేపుకోవాలి.

యుద్ధంలో హెచ్‌పీ సరిగ్గా 7,777 అయితే 7,777 చొప్పున 64 దెబ్బలు వాటంతటవే పడతాయన్న మాట పుకారులా వినిపిస్తుంది, కానీ అక్షరాలా నిజం. పోషన్ 100, హై-పోషన్ 500 పెంచుతాయి కనుక చివరి రెండంకెలు 77 అయ్యేలా చూసుకుంటే మిగతాది తేలిక. మొత్తం 4,97,728. ఎమరాల్డ్ మీద ఇద్దరితో చేయించినా ఇంకా 4,544 మిగులుతుంది!

ఇక గోల్డ్ సాసర్ అనే వినోద పార్కులో రాత్రి షికారుకి జట్టులోంచి ఎవరొస్తారన్నది కథ నిర్ణయించదు. కనబడని పాయింట్లు ఏరిత్‌కి 50, టిఫాకి 30, యుఫీకి 10, బారెట్‌కి 0తో మొదలై మీ జవాబులను బట్టి మారతాయి. మిగతా ముగ్గురినీ పట్టుబట్టి కసురుకుంటూ పోతే తలుపు తట్టేది బారెట్టే.