క్యామ్ మార్చాక బ్రేక్ పెడల్ గట్టిపడిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పెద్ద క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) వేయించుకున్నవాళ్లు వారం తిరక్కుండా మళ్లీ షెడ్డుకొస్తారు. "బండి దూసుకుపోతోంది కానీ బ్రేక్ రాయిలా ఉంది" అంటారు. కొందరైతే కొత్త ప్యాడ్లు కొనుక్కుని మరీ వస్తారు.

అపోహ: పెడల్ గట్టిగా ఉందంటే ప్యాడ్లో, బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండరో పోయినట్టే.

ముందు చూడాల్సింది వాక్యూమ్. పెడల్ తొక్కే బలాన్ని పెంచేది బ్రేక్ బూస్టర్. దాని లోపలి రబ్బరు పొరకి, అంటే డయాఫ్రమ్‌కి, ఒకవైపు ఇంజిన్ లాగే వాక్యూమ్ ఉంటుంది, బ్రేక్ తొక్కగానే రెండోవైపు బయటి గాలి చేరుతుంది. ఆ తేడాయే మన కాలికి తోడు. 9 అంగుళాల డయాఫ్రమ్‌కి గేజ్ మీద 18 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ అందితే, లెక్క ప్రకారం దాదాపు 250 కేజీల తోపు వస్తుంది. వాక్యూమ్ 9కి పడితే తోపూ సగమే. మామూలు పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 దాకా ఇస్తుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న క్యామ్‌తో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు ఎక్కువసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి. దాంతో వాక్యూమ్ 10కో, ఇంకా కిందికో జారుతుంది. బూస్టర్ గొట్టానికి T ఆకారపు జాయింట్ పెట్టి గేజ్ తగిలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది.

అపోహ: స్పీడులో బ్రేక్ బాగానే పడుతోంది, ఇక టెన్షన్ లేదు.

స్పీడులో యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్‌కి గాలి వెళ్లే థ్రాటిల్ మూసుకుంటుంది, ఇంజిన్ మాత్రం జోరుగానే తిరుగుతుంటుంది. అప్పుడు వాక్యూమ్‌కి కొదవుండదు. చిక్కంతా ట్రాఫిక్‌లో పాకేటప్పుడూ, పార్కింగ్‌లోనూ. వరసగా మూడుసార్లు తొక్కి చూడండి, మూడోసారికి పెడల్ మొండికేస్తుంది.

అపోహ: వాక్యూమ్ ట్యాంక్ పెడితే సరిపోతుంది.

ట్యాంక్ వాక్యూమ్‌ని దాస్తుందే తప్ప పుట్టించదు. ఒకటి రెండు బ్రేకులు అదనంగా దొరుకుతాయి, అంతే. రోడ్డు మీద రోజూ తిరిగే బండికి నేను ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపే వేస్తాను. చప్పుడు చేస్తుంది, నిజమే. పవర్ స్టీరింగ్ పంపు ప్రెషర్‌తో నడిచే హైడ్రోబూస్ట్‌కి ఇంజిన్ వాక్యూమ్‌తో పనే లేదు, కాకపోతే పైపుల పని ఎక్కువ.

అపోహ: బూస్టర్ పీకేస్తే గొడవే ఉండదు.

పీకొచ్చు. కానీ పెడల్ లివరేజీ పెంచాలి, మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) తగ్గించాలి. ఈ రెండూ చేయకుండా తీసేస్తే కాలే అరిగిపోతుంది.

అపోహ: టర్బో బూస్ట్ వల్ల బ్రేక్ బూస్టర్‌కి కూడా బలం వస్తుంది.

పేరు కలిసింది గానీ పని పూర్తిగా ఉల్టా. టర్బో ఊదేటప్పుడు, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో ఉండేది ప్రెషర్. అది బూస్టర్‌లోకి పోకుండా ఆపేది గొట్టంలోని, గాలిని ఒకవైపే వదిలే చిన్న చెక్ వాల్వ్ ఒక్కటే. టర్బో బండి వస్తే నా చెయ్యి ముందు దాని మీదికే వెళ్తుంది. ఇంజిన్ ఆపి, పది నిమిషాలాగి పెడల్ తొక్కండి. మొదటి ఒకటి రెండు తొక్కులు మెత్తగా దిగితే వాక్యూమ్ నిలిచినట్టే. మొదటి తొక్కే గట్టిగా ఉంటే వాల్వ్‌నీ, గొట్టాన్నీ, బూస్టర్‌నీ ఆ వరసలోనే చూడండి.