కంపెనీ వస్తే పేదరికం పోతుందా? పాలమూరులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

జడ్చర్ల, కొత్తూరు, షాద్‌నగర్ కంపెనీల్లో పనికి పాలమూరు పిల్లలను తయారుచేసి పంపడం నా ఉద్యోగం. విదేశీ పెట్టుబడి అనగానే ఊళ్లలో నాకు ఎదురయ్యే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ఎన్ని కోట్లు వస్తే అంతమందికి పని.

వాస్తవం: ఆ కోట్లు దేని మీద పెడుతున్నారో చూడాలి. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం మేకగూడ, షాద్‌నగర్, చందనవెల్లిలో భూములు కొన్నది. అలాంటి చోట డబ్బంతా సర్వర్లకు, కరెంటుకు, వాటిని చల్లబరచడానికి పోతుంది. కట్టడం అయ్యాక లోపల ఉండేది కొద్దిమందే. సబ్బులు, మాత్రలు ప్యాక్ చేసే షెడ్డు అంతకంటే చాలా తక్కువ పెట్టుబడితో మూడు షిఫ్టుల మనుషులను పెట్టుకుంటుంది. ఉన్న కంపెనీని కొన్నా అది విదేశీ పెట్టుబడి కిందే లెక్క. 2007లో అమెరికా కంపెనీ మైలాన్, హైదరాబాద్‌లోని మాట్రిక్స్ లాబొరేటరీస్‌లో సుమారు 71.5 శాతం వాటా తీసుకుంది. యజమాని మారినంత మాత్రాన కొత్త షెడ్డు లేవదు.

అపోహ: పేపర్లో వేసిన అంకె అంతా దేశంలో మిగిలినట్టే.

వాస్తవం: 2024-25లో మన దేశానికి వచ్చిన ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి సుమారు 8,100 కోట్ల డాలర్లు. ఇంతకుముందు పెట్టుబడి పెట్టిన విదేశీయులు వెనక్కి తీసుకుపోయింది, మన కంపెనీలు బయటి దేశాల్లో పెట్టింది తీసేస్తే మిగిలింది సుమారు 35 కోట్ల డాలర్లని 2025 మేలో రిజర్వ్ బ్యాంక్ లెక్క చెప్పింది.

అపోహ: కంపెనీలో పని దొరికితే ఇల్లు నిలబడ్డట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. కూలీలను గుంపులుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆ బాకీ తీరేదాకా దేశమంతా ఆనకట్టల మీద, కాలువల మీద మట్టి మోసిన జిల్లా మనది. అడ్వాన్సు ఎందుకు తీసుకుంటారు? వచ్చే నెల కూలి ఉంటుందో లేదో తెలియదు గనక, ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే చేతిలో ఏమీ ఉండదు గనక. నెలనెలా బ్యాంకులో పడే జీతం, జబ్బు చేస్తే వైద్యానికి ఆసరా అయ్యే ఈఎస్ఐ కార్డు ఉంటే ఆ రెండు భయాలూ తగ్గుతాయి. అందుకే జీతం ఎంత అని అడగకముందే, పిల్లగాడు కంపెనీ రోల్ మీద ఉన్నాడా, కాంట్రాక్టర్ కింద ఉన్నాడా అని అడుగుతాను. మిడ్జిల్ వైపు ఒక తల్లి నాతో అన్నది: "పని కంపెనీల్నే సార్, కని పైసలు కాంట్రాక్టర్ ఇస్తడు. ఎనిమిది నెలలకే బంద్ పెట్టిండు. మల్ల మేస్త్రి ఇంటికే పోయినం." పీఎఫ్ కడుతున్నారో లేదో యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబరుతో ఫోన్లోనే ఎట్లా చూసుకోవాలో ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే నేర్పిస్తాను.

అపోహ: తెలంగాణలో పేదరికం తగ్గింది పెట్టుబడులతోనే.

వాస్తవం: నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక లెక్కలో రాష్ట్రంలో పేదలు 2015-16లో 13.18 శాతం, 2019-21లో 5.88 శాతం. ఆ లెక్కలో చూసేవి పోషణ, చదువు, మరుగుదొడ్డి, వంట గ్యాస్, తాగునీరు వంటివి. వీటిలో చాలావాటి వెనుక ఉన్నది ప్రభుత్వ ఖర్చు.

అపోహ: విదేశీ కంపెనీ అంటేనే దోపిడీ.

వాస్తవం: అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీల్లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలుంటాయి. అక్కడ రికార్డు రాయడం, శుభ్రత నేర్చుకున్న పిల్లలకు ఎక్కడికి పోయినా గిరాకీ ఉంటుంది. దెబ్బ తగిలేది ఎక్కువగా భూమి పోయినవాళ్లకు. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) భూములు పోయిన రైతులు న్యాయమైన పరిహారం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. ఆ నేల మీద లేచిన కంపెనీల్లో ఎక్కువ మన దేశంవాళ్లవే.