గుమ్మడికాయ ఎవరికి బదులు?

పిల్లలూ,

ఆయుధపూజ దగ్గరికొచ్చింది. కె.ఆర్. మార్కెట్లో బూడిద గుమ్మడికాయలు గుట్టలు పోసుంటాయి. వాటిని నడిరోడ్డు మీద ఎందుకు పగలగొడతారని కదా అడిగారు. జవాబు కాస్త చుట్టు తిరిగి వస్తుంది, ఓపిక పట్టండి.

తొడిమ దగ్గర మూతలా కోసి, కొంచెం గుజ్జు తీసి, లోపల కుంకుమ, చిల్లర వేస్తారు. కొందరు పసుపు, సున్నం కలిపిన నీళ్లు పోస్తారు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పైన కర్పూరం వెలిగించి, బండి ముందు మూడుసార్లు తిప్పి నేలకేసి కొడతారు. తెల్లటి కండ, ఎర్రటి నీళ్లు. చూస్తే ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. దీన్నే కూష్మాండ బలి అంటారు. మేకకు బదులు కాయ.

మరి మేక ఎవరికి బదులు? ఋగ్వేదానికి చెందిన పాత యజ్ఞగ్రంథం ఐతరేయ బ్రాహ్మణం దాచుకోకుండా చెబుతుంది. యజ్ఞానికి పనికొచ్చే సారం మొదట మనిషిలో ఉండేదట. అక్కణ్ణుంచి గుర్రంలోకి, ఎద్దులోకి, గొర్రెలోకి, మేకలోకి వెళ్లి, చివరికి నేలలో దిగి వరిధాన్యమైందట. అందుకే పిండితో చేసిన పురోడాశమనే రొట్టె వేల్చినా పశువును ఇచ్చినట్టే లెక్క.

శునశ్శేపుడి కథ కూడా అందులోదే. హరిశ్చంద్రుడు కొడుకు రోహితుణ్ణి వరుణుడికి ఇస్తానని మొక్కి, ఇవ్వలేక వాయిదాలు వేశాడు. చివరికి ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే ఋషి 100 ఆవులు తీసుకుని తన నడిమి కొడుకు శునశ్శేపుణ్ణి అమ్మాడు. వాణ్ణి స్తంభానికి కట్టడానికి ఇంకో 100, నరకడానికి ఇంకో 100 అడిగాడు. శునశ్శేపుడు దేవతలను స్తుతించి బతికిపోయాడు లెండి. రాజుగారి బిడ్డకు బదులు ఆకలింటి బిడ్డ దొరికాడన్నది మాత్రం మరిచిపోకండి. పాత సంస్కృత శ్లోకం ఒకటుంది: గుర్రం కాదు, ఏనుగు కాదు, పులి అసలే కాదు, మేకపిల్లనే బలిస్తారు, దేవుడు కూడా బలహీనుణ్ణే చంపుతాడని. వెటకారమే, కానీ ఎంపిక సూత్రం అందులోనే ఉంది. తిరిగి అడిగేవాళ్లు లేని ప్రాణిని చూసుకోవాలి.

ఇంకో పద్ధతిలో పాపం మోయించి ఊరవతలికి తోలేస్తారు. యూదుల పవిత్ర గ్రంథం లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలుంటాయి. చీట్లు వేస్తారు. ఒకటి దేవుడికి బలి. రెండోదాని తలమీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ పెట్టి జనం పాపాలన్నీ చెప్పి, ఒక మనిషిచేత ఎడారికి తోలిస్తాడు. ఆ మనిషి బట్టలుతుక్కుని స్నానం చేశాకే మళ్లీ లోపలికి రావాలి. దిష్టి తీసినవాళ్లు కాళ్లు కడుక్కున్నట్టే. మనం అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటాం. అక్కడ దానికి తేదీ, వరస, శుద్ధి అన్నీ ఉన్నాయి.

ఇక ప్రభుత్వం. ఫ్రెంచి పండితుడు రెనె జిరార్ మతమూ రాజ్యమూ రెండూ ఇలా ఒకణ్ణి బలివ్వడం నుంచే పుట్టాయన్నాడు. అందరూ కలిసి ఒకణ్ణి చంపగానే కొట్లాట చల్లారుతుంది, ఆ శాంతి వాడి మహిమలా కనిపిస్తుంది, చంపాల్సినవాణ్ణి చంపడం ఆలస్యమైతే, ఆ మహిమతో వాడే రాజవుతాడు. ఇన్ని తలుపులకు ఒకే తాళంచెవి అంటే నాకు నమ్మకం లేదు. రాజ్యం వెనక ధాన్యపు గాదె ఉంది, కాలవ నీళ్లున్నాయి, యుద్ధాలున్నాయి. కానీ ఇప్పటి ఇరాక్ ప్రాంతపు పాత రాజ్యం అస్సీరియాను చూస్తే ఆయన మాట కొట్టిపారెయ్యలేం. క్రీ.పూ. 7వ శతాబ్దంలో, ఎసర్‌హద్దోన్ రాజు కాలంలో, చంద్రగ్రహణం రాజు చావును సూచిస్తే, దిక్కులేనివాణ్ణొకణ్ణి సింహాసనం ఎక్కించేవారు. ఆ అపశకునాలన్నీ వాడికి అంటగట్టేవారు. ఎక్కువలో ఎక్కువ 100 రోజులు. ఆ తర్వాత వాణ్ణి చంపేవారు. అన్నాళ్లూ అసలు రాజుకు రాసే ఉత్తరాల్లో ‘రైతుగారికి’ అని రాసేవారు!

మన దగ్గర ‘బలి’ అన్న మాటే సాక్ష్యం. దేవుడికి పెట్టేది బలి, రాజుకు కట్టే పన్నూ బలే. లుంబినిలోని శాసనంలో అశోకుడు ఆ ఊరికి బలి తీసేసి, పంటలో ఎనిమిదో వంతు చాలన్నాడు.

పాత గ్రీసులోని ఏథెన్సు వాళ్లు చంపడం మాని, ఊరినుంచి వెళ్లగొట్టాల్సినవాడి పేరు కుండపెంకు మీద గీశారు. కనీసం 6,000 పెంకులు పడితేనే చెల్లు. పేరు తేలినవాడు 10 రోజుల్లో ఊరు వదలాలి, 10 ఏళ్లు తిరిగి రాకూడదు. ఆస్తి మాత్రం వాడిదే. మొదటిది క్రీ.పూ. 487లో. సుమారు 416లో ఇద్దరు పెద్ద నాయకులు చేతులు కలిపి పెంకుల్ని మూడోవాడైన హైపర్బోలస్ మీదికి తోశారు. ఆ తర్వాత ఆ పద్ధతే మూలపడింది.

ఇలా నింద ఒకరి మీదికి నెట్టడం ఏ ఊళ్లో మొదలైనా గుర్తుపట్టడానికి ఒక ఉదాహరణ. 1347లో ఐరోపాకు ప్లేగు వచ్చింది. కారణం తెలియదు. యూదులు బావుల్లో విషం కలిపారన్నారు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరి 14న వాళ్లను తగలబెట్టారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగు రానేలేదు. వాళ్లకు తీర్చాల్సిన అప్పులు మాత్రం రద్దయ్యాయి. నింద వినబడగానే లాభం ఎవరిదో కూడా అడగండి.

కాయ పగలగొట్టే ముందు చిల్లర తక్కువ వెయ్యమని నాన్నకు చెప్పండి. ఏరుకోవడానికి పసివాళ్లు బళ్ల మధ్యకు పరిగెత్తుతారు. ఆ కాయలో ఉన్నదంతా నీళ్లూ జిగురూ. తారు రోడ్డు మీద ముక్కపై ముందు బ్రేకు పడితే స్కూటర్ జారి తీరుతుంది. కర్పూరం ఆరగానే చీపురుతో ఓరకు ఊడ్చెయ్యండి.

మీ తాతయ్య,
మల్లేశ్వరం, బెంగళూరు