పక్షులను చూడాలంటే చలికాలమే రావాలా? అపోహలు - వాస్తవాలు

డిసెంబరు రాగానే బైనాక్యులర్స్ బయటికి తీయడం, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోగానే మళ్ళీ బీరువాలో పెట్టేయడం మన దగ్గర మామూలే. అలా చేస్తే ఏడాదిలో సగానికి పైగా పోగొట్టుకున్నట్టే. పక్షి క్యాలెండరు చూసి రాదు. నీళ్ళు ఎంత లోతున్నాయి, తిండి ఎక్కడుంది అన్నదే దాని లెక్క. తెలుగు రాష్ట్రాల్లో పక్షుల కోసం తిరిగేవాళ్ళ నోట తరచుగా వినిపించే మాటలు కొన్నింటిని ఆ లెక్కతోనే సరిచూద్దాం.

అపోహ: వలస పక్షులు డిసెంబరులో వచ్చి ఫిబ్రవరిలో వెళ్ళిపోతాయి.

ఆగస్టులో, వానలు ఇంకా పడుతుండగానే, చెరువు అలుగు దగ్గర తోక ఆడిస్తూ తిరిగే గ్రీన్ శాండ్‌పైపర్, కామన్ శాండ్‌పైపర్ వలస వచ్చినవే. గులాబీ గోరింకలు మధ్య ఆసియాలో పిల్లల్ని పెంచుకుని ఆగస్టు, సెప్టెంబరుకల్లా మన జొన్న చేలల్లో దిగుతాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో పూసిన మోదుగ, బూరుగ చెట్టు ఒకటి దొరికితే దాని కింద గంట నిలబడండి. తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు, చీలిన తోక నల్ల ఏట్రింతలు అన్నీ అక్కడికే వస్తాయి. ఆలస్యంగా వచ్చేవి బాతులు. సూదితోక బాతులు పెద్ద గుంపులుగా కనిపించేది ఎక్కువగా నవంబరు నుంచే. బాతులను చూసి వలస మొత్తాన్ని కొలవడం వల్లే ఈ అపోహ పుట్టింది.

ఎండాకాలం కూడా ఖాళీ కాదు. వర్షాలకు ముందు పొన్నంగి పిట్టలు ఉత్తరానికి వెళ్తూ దారిలో గుబురు తోటల్లో ఆగుతాయి. తెల్లవారుజామున, సాయంత్రం వేళ రెండు స్వరాల ఈల వినిపిస్తే చెట్టు పైకి కాదు, కింద ఎండుటాకుల్లో వెతకాలి. మెట్ట నేలల్లో మిగిలిన ఒక్క నీటిగుంట దగ్గర పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కూర్చుంటే పావురాల్లా కనిపించే శాండ్‌గ్రౌజ్‌లు నీళ్ళకు వస్తాయి. గుంటకు కనీసం యాభై మీటర్ల దూరంలో ఉండాలి. అంతకన్నా దగ్గరైతే అవి తాగకుండానే తిరిగిపోతాయి, ఆ ఎండలో అది వాటికి పెద్ద నష్టం.

అపోహ: మన ఊళ్ళలో గూళ్ళు పెట్టే పెద్ద కొంగలు సైబీరియా నుంచి వస్తాయి.

శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే నత్తగుళ్ళ కొంగలకు ఊరు పెట్టుకున్న పేరు సైబీరియా పక్షులు. పేరులో ఉన్న ప్రేమ బాగుంది, చిరునామా మాత్రం తప్పు. నత్తగుళ్ళ కొంగ, ఎర్రకాళ్ళ కొంగ, గూడబాతు (పెలికాన్) దక్షిణాసియా పక్షులే. నీళ్ళను, తిండిని వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు తిరుగుతాయి తప్ప హిమాలయాలు దాటి రావు. అసలు సైబీరియన్ కొంగ మన దేశంలో శీతాకాలం గడిపిన చివరి చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్. 2002 తర్వాత అక్కడా కనిపించలేదు. హిమాలయాలు దాటి వచ్చే పక్షిని చూడాలంటే తలపై రెండు నల్ల పట్టీలున్న బార్-హెడెడ్ బాతును వెతకండి.

ఒక పోలిక గమనించండి. తేలుకుంచిలో కొంగలు జూన్‌లో నైరుతి వానలతో దిగుతాయి. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతులు ఈశాన్య వానలకు చెరువు నిండాక, నవంబరు ప్రాంతంలో నీటి కడప చెట్లమీద గూళ్ళు మొదలుపెడతాయి. ఒకే రాష్ట్రం, రెండు వేర్వేరు కాలాలు. పిల్లల నోటికి అందించే చేపలూ నత్తలూ ఎప్పుడు దండిగా ఉంటే అప్పుడే గూడు.

అపోహ: చెరువు నిండుగా ఉంటే పక్షులు ఎక్కువ.

దాదాపు ఎప్పుడూ దీనికి వ్యతిరేకమే నిజం. బురదలో మేసే చిన్న స్టింట్‌కు రెండు, మూడు సెంటీమీటర్ల నీళ్ళు చాలు. నల్లరెక్కల స్టిల్ట్ పొడవాటి కాళ్ళతో పదిహేను సెంటీమీటర్ల దాకా నడుస్తుంది. తల ముంచి, తోక పైకెత్తి మేసే బాతులకు అడుగు లోతు దాటితే కింద మేత అందదు. కట్ట అంచుల దాకా నిండిన చెరువులో మునిగి చేపలు పట్టే నీటికాకులు, బుడుబుంగలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. వానలు బాగా పడిన ఏడాది అక్టోబరులో వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చేవాళ్ళు, పక్షులు తగ్గిపోయాయని చెప్పేది ఇందుకే. అవి ఎక్కడికీ పోలేదు, ఊరూరా ఉన్న కుంటల్లోకి, మళ్ళలోకి చెదిరిపోయాయి.

నీరు దిగుతూ శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడే కొద్దీ గుంపులు కడతాయి. కాబట్టి వెళ్ళే ముందు ఊళ్ళో ఎవరినైనా అడగాల్సింది ‘పక్షులు వచ్చాయా’ అని కాదు, ‘నీళ్ళు తూము దాకా ఉన్నాయా, దిగాయా’ అని. కొత్తగా తేలిన బురద, ఇంకా ఆరని తడి అంచు, దానికి ఆనుకుని జానెడు నీళ్ళు, ఈ మూడూ కలిసే గీత వెంట చూపు నడపండి. పగుళ్ళిచ్చిన బురద మీద మేత ఉండదు. ఇంకో సంగతి: ఆ బురద మీద అడుగు వేయకండి. పైన గట్టిగా కనిపించి, మోకాలి దాకా దింపేస్తుంది.

అపోహ: తెల్లవారకముందే వెళ్ళకపోతే దండగ.

అడవికి, పొదలకు నిజమే. సూర్యోదయం తర్వాతి రెండు గంటలే అక్కడ ప్రాణం. గద్దలు, రాబందులు మాత్రం నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా, అంటే తొమ్మిది దాటేదాకా, కొమ్మ దిగవు. రోళ్ళపాడు గడ్డిమైదానంలో శీతాకాలపు పిల్లిగద్దలు రాత్రి బసకు చేరేది పొద్దుగుంకే వేళ. కాకినాడ తీరంలో గడియారంతో పనిలేదు, పోటు వేళ చూసుకోవాలి. పాటులో పక్షులు కిలోమీటర్ల బురదంతా పరుచుకుంటాయి. నీరు నిండడానికి రెండు గంటల ముందు చేరుకుంటే పోటు వాటిని మీవైపే తోసుకొస్తుంది.

చెరువు దగ్గర వేళ కన్నా దిక్కు ముఖ్యం. ఉదయం తూర్పు గట్టున నిలబడి పడమరకు చూడాలి, సాయంత్రం దీనికి తిరగవేసి. లేదంటే ప్రతి పక్షీ నల్లటి నీడే.

అపోహ: బైనాక్యులర్స్‌కు ఎంత ఎక్కువ జూమ్ ఉంటే అంత మంచిది.

8x42లో 8 అంటే ఎన్నిరెట్లు దగ్గరగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లన్నమాట. 10x42లో అది 4.2కు తగ్గుతుంది, చూపు వెడల్పూ తగ్గుతుంది, చేతి వణుకు మాత్రం పెరుగుతుంది. 20x50 చేత్తో పట్టుకుంటే పక్షి కన్నా గుండెచప్పుడే ఎక్కువ కనిపిస్తుంది. మొదటి జతకు 8x42 చాలు. కళ్ళద్దాలు పెట్టుకునేవారు ఐ రిలీఫ్ (కంటికీ ఐపీస్ అద్దానికీ మధ్య ఉంచగల దూరం) 16 మిల్లీమీటర్లకు తగ్గనిది తీసుకుని, కంటికి ఆనే ఐకప్పులు లోపలికి తిప్పి వాడాలి.

చాలామంది మసకగా ఉందని తిట్టుకునేది సరిచేసుకోక. ముందుగా రెండు గొట్టాలను దగ్గరికీ దూరానికీ జరిపి ఒకే వలయం కనిపించేలా పెట్టండి. కుడి అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు అక్షరాలను మధ్య చక్రంతో స్పష్టం చేయండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి ఐపీస్ దగ్గరి రింగ్ తిప్పి అవే అక్షరాలను చూడండి. ఆ గుర్తు జ్ఞాపకం పెట్టుకుంటే ఇక చక్రం ఒక్కటే మీ పని. వానాకాలంలో లెదర్ సంచిలో దాచకండి, అద్దానికి బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

అపోహ: నారింజ తల కొంగ వేరే జాతి. కోకిల వసంతంలోనే వస్తుంది.

పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు గూళ్ళ కాలంలో తల, మెడ, వీపు నారింజకు తిరుగుతాయి. మగ గిజిగాడి పసుపు కూడా అంతే, వానలయ్యాక పిచ్చుకలా మారిపోతాడు. కోకిల ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది, చలికాలంలో పెద్దగా నోరు విప్పదంతే. కుహూ అనేది నల్లని మగది, కవులు ఎంత చెప్పినా. చుక్కల గోధుమరంగు ఆడది కిక్‌కిక్‌కిక్ అని గబగబా అరుస్తుంది.

అపోహ: ఫోనులో కూత వినిపిస్తే పక్షి వస్తుంది, దానికేం నష్టం?

వస్తుంది, పోట్లాటకు వస్తుంది. తన హద్దులో ఇంకో మగది చేరిందనుకుని గుడ్లనూ మేతనూ వదిలి తిరుగుతుంది. ఆ కాస్త సమయం కాకికి చాలు. గూళ్ళ కాలంలో అసలు వద్దు. కూతలను గుర్తుపట్టే యాప్‌లు వాడుకోండి, కానీ చూడకుండా జాబితాలో ఎక్కించకండి. ఏట్రింత షిక్రా డేగ గొంతును అచ్చంగా దించేస్తుంది, యాప్ డేగ అనే రాస్తుంది.

అపోహ: దసరానాడు పంజరంలోని పాలపిట్టను చూసినా పుణ్యమే.

రెక్కలు కట్టి తెచ్చిన పక్షి ఆ తర్వాత బతకడం కష్టం. పట్టడం, పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, చూపించినందుకు డబ్బులిస్తే మరో పిట్టను పట్టడానికి పెట్టుబడి ఇచ్చినట్టే. పండగ పొద్దున ఏడింటికి ఊరి బయట చేల పక్కన వెళ్ళే కరెంటు తీగల వెంట నెమ్మదిగా బండి పోనివ్వండి. తీగమీద మట్టిరంగు ముద్దలా కూర్చుని ఉంటుంది. దగ్గరికి వెళ్ళి లేపకండి, ఐదు నిమిషాలాగితే మిడత కోసం తనే దిగుతుంది. నీలం విచ్చుకునేది అప్పుడే.