జిల్లా పేజీలో కనిపించే ఆ పేర్లు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది కదా, "పేపర్లో జిల్లా పేజీ నిండా పార్టీల మండల కమిటీ, గ్రామ కమిటీ అంటూ పేర్లే ఉంటాయి, అవన్నీ ఎవరు చదువుతారు తాతయ్యా?" అని. నేను చదువుతాను. ఎందుకో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎన్నికలంటే మీరు చూసేది రోడ్ షోలు, కండువాలు, క్రేన్లకు వేలాడే గజమాలలు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందే సభలు, ఊరేగింపులు ఆపెయ్యాలని చట్టం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ అయితే, చాలా చోట్ల మే 11 సాయంత్రం 6 గంటలకే మైకులు మూగబోయాయి. ఇల్లిల్లూ తిరిగి ఓటు అడగడానికి మాత్రం అడ్డులేదు. పెద్ద నాయకులు కార్లెక్కి వెళ్లిపోయాక ఆ పనంతా ఎవరి నెత్తిన పడుతుంది? మీరు చదవకుండా పేజీ తిప్పేసే ఆ పేర్లవాళ్ల నెత్తినే.

బూత్ కమిటీలో పనిచేసే మనిషి చేతిలో ఓటర్ల జాబితా చూడండి. ఒక్కో పేరు పక్కన పెన్సిల్‌తో ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఈయన చనిపోయాడు, పేరు ఇంకా తీయలేదు. ఈ అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఫోన్ చేసి రప్పించాలి. ఈ కోడలి ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంది. అందులో ఉన్న వెయ్యిమంది సంగతీ అతనికి నోటికి వచ్చు.

ఇక పోలింగ్ రోజు పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చునేవాళ్లు తెల్లవారుజామునే బూత్‌కు చేరుకోవాలి. ఓటింగ్ 7 గంటలకు మొదలైతే, అంతకు గంటన్నర ముందే మాక్ పోల్. కనీసం 50 ఓట్లు వేసి, వీవీప్యాట్ చీటీలతో (ఓటు ఎవరికి పడిందో చూపించే చీటీలు) లెక్క సరిపోయిందో లేదో చూసి, ఆ ఓట్లన్నీ చెరిపేశాకే మిషన్‌కు సీలు వేస్తారు. ఓటరు లోపలికి రాగానే అధికారి పేరు పైకి చదువుతాడు, ఏజెంట్లు తమ జాబితాలో టిక్కు పెట్టుకుంటారు. వచ్చినవాడు ఆ పేరుగలవాడు కాదని అనుమానం వస్తే ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. సాయంత్రం మిషన్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సీ ఫారం నకలు చేతికి తీసుకుని గానీ కదలకూడదు. లెక్కింపు రోజున ఆ బూత్ మిషన్ తెరిచినప్పుడు సరిచూసుకునేది ఆ కాగితంతోనే. ఇంత పని చేసేవాళ్లలో ఎక్కువమందికి జీతం లేదు. నాకు వాళ్లంటే గౌరవం, ఏ పార్టీవాళ్లయినా సరే.

పెద్దోడు వెంటనే అడుగుతాడని తెలుసు, కమిటీలు లేకుండానే గెలిచిన 1983 సంగతేమిటని. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలు తిరిగేసరికి అధికారంలోకి వచ్చింది, ఎన్టీఆర్ చైతన్య రథం మీద రాష్ట్రమంతా తిరిగారు, నిజమే. కానీ రథం వెళ్లిపోయాక ఊళ్లో మిగిలి పనిచేసిందెవరు? చాలా చోట్ల అభిమాన సంఘాల కుర్రాళ్లు. కమిటీ అన్న పేరు లేకపోయినా కమిటీ పని వాళ్లే చేశారు.

ఇప్పుడు నన్ను బాధపెట్టే మాట. ఆ వార్తల్లో "ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు" అని ఉంటుంది చూడండి, చాలాసార్లు అక్కడ ఎన్నికే జరగదు. అధ్యక్షుడి పేరు నియోజకవర్గ ఇన్‌ఛార్జి ఇంట్లో ముందే ఖాయమవుతుంది. సమావేశానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి, శాలువా కప్పి, భోజనాలు చేసి వెళతారు. ఊళ్లో అందరినీ ఓటు వెయ్యమని అడిగే పార్టీ, తన సొంత కార్యకర్తలకు మాత్రం ఓటు ఇవ్వదు. ఇది తప్పని నేను గట్టిగా అంటాను. ఆడవాళ్ల విషయం ఇంకా అన్యాయం. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం పదవులు మహిళలకే. పార్టీ మండల కమిటీ జాబితాలో మాత్రం ఒకటో రెండో పేర్లు కనిపిస్తాయి, మిగతావాళ్లను మహిళా విభాగంలోకి పంపేస్తారు. ఈసారి పేపర్ చూసినప్పుడు ఆ పేర్లు లెక్కపెట్టండి.

డబ్బు సంగతి కూడా అడిగారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రాల్లో 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. దాని గురించి రాయాల్సింది చాలా ఉంది, మరో ఉత్తరంలో రాస్తాను.

పెద్దోడా, నీకు పదిహేడు నిండాయి కాబట్టి ఓటరుగా పేరు ఎక్కించుకునే ఫారం-6 ఇప్పుడే పెట్టొచ్చు, పద్దెనిమిది నిండాక కార్డు వస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, ఒకసారి బీఎల్ఓను (మన బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిని) కలిసి ఇంటి నంబరు, పేరులో అక్షరాలు సరిగ్గా ఎక్కాయో లేదో అడుగు. మీ నాన్న పేరు తప్పు పడితే దిద్దించడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో అమ్మ చెబుతుంది.

ఉంటాను.
మీ తాతయ్య