నిఫ్టీ ఫండ్‌లో పెట్టి మర్చిపోదామా? అపోహలు - వాస్తవాలు

నేను మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌ని. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కూర్చోగానే "ఏదైనా ఇండెక్స్ ఫండ్ చెప్పండి, పెట్టేసి మర్చిపోతాం" అంటున్నారు. నిఫ్టీ 50 లాంటి సూచీలో (ఇండెక్స్‌లో) ఉన్న కంపెనీల షేర్లను అదే వాటాల్లో కొనే ఫండ్‌నే ఇండెక్స్ ఫండ్ అంటారు; నిఫ్టీలో ఉండేవి యాభై పెద్ద కంపెనీలు. పెట్టి మర్చిపోవాలన్న ఆలోచన మంచిదే. కానీ నాలుగు మాటలు మాట్లాడితే, ఏం కొంటున్నారో వాళ్ళకే సరిగ్గా తెలియదని అర్థమవుతుంది.

అపోహ: యాభై కంపెనీలు కదా, డబ్బు యాభై చోట్ల సమానంగా ఉంటుంది.

ఉండదు. వంద రూపాయలు పెడితే కంపెనీకి రెండు రూపాయల చొప్పున వెళ్ళవు. ప్రమోటర్ల (కంపెనీని చేతిలో ఉంచుకున్న అసలు యజమానుల) షేర్లు తీసేసి, మార్కెట్లో చేతులు మారే షేర్ల విలువను బట్టి నిఫ్టీ 50లో ఒక్కో కంపెనీ వాటా తేలుతుంది. ఎల్‌ఐసీనే చూడండి. దేశంలోని పెద్ద కంపెనీల్లో అదొకటి. కానీ 2022 మేలో దాని ప్రమోటరైన ప్రభుత్వం అమ్మింది 3.5 శాతం షేర్లే, మిగతా 96.5 శాతం తన దగ్గరే ఉంచుకుంది. ఇలాంటి ఇండెక్స్ లెక్కలో పెడితే ఆ చిన్న ముక్కకే విలువ. అదే ప్రమోటర్లంటూ లేని పెద్ద ప్రైవేటు బ్యాంకైతే దాదాపు మొత్తం విలువా లెక్కలోకి వస్తుంది.

ఇలా లెక్కేస్తే మొదటి పది కంపెనీలకే సగానికి పైగా పోతుంది. రంగాల వారీగా చూస్తే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలదే మూడో వంతుకు పైన. ప్రైవేటు బ్యాంకులో పనిచేసేవాళ్ళు వస్తే ఈ సంగతి ముందే చెప్తాను. జీతం ఆ బ్యాంకుది, చేతిలో ఉన్న షేర్లు ఆ బ్యాంకువి, మళ్ళీ నిఫ్టీ ఫండ్‌లోనూ పెద్ద వాటా దానిదే అయితే మీరనుకున్నంతగా డబ్బు విడిపోలేదన్నమాట.

అపోహ: చెడిపోయిన కంపెనీని ఇండెక్స్ తీసేస్తుంది కాబట్టి మనకు నష్టం రాదు.

తీసేసే మాట నిజమే. కాకపోతే పడిపోయాక తీసేస్తుంది. మన సత్యం కంప్యూటర్స్ సంగతి హైదరాబాద్‌లో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. 2009 జనవరి 7న, లేని డబ్బు ఉన్నట్టు లెక్కల్లో చూపించామని ఛైర్మన్ రాసిన లేఖ బయటికొచ్చింది. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజులోనే 40 దగ్గరికి దిగింది. నిఫ్టీ నుంచి దాన్ని తొలగించింది జనవరి 12న. ఇండెక్స్ ఫండ్ మేనేజర్‌కి ముందే అనుమానం వచ్చినా అమ్మే వీల్లేదు, ఇండెక్స్‌లో ఉన్నన్నాళ్ళూ పట్టుకోవాల్సిందే.

యెస్ బ్యాంక్ కథ ఇంకా విచిత్రం. 2020 మార్చిలో నిఫ్టీ నుంచి పోయింది. కానీ బ్యాంకును నిలబెట్టే పథకంలో పెట్టిన లాక్-ఇన్ (కొంతకాలం అమ్మకూడదన్న షరతు) వల్ల, ఇండెక్స్‌లో లేని ఆ షేర్లను ఫండ్లు చాలావరకు 2023 మార్చి దాకా మోయాల్సి వచ్చింది. ఇన్ని జరిగినా ఫండ్లు మునిగిపోలేదు, ఎందుకంటే మొత్తంలో ఆ కంపెనీల వాటా చిన్నది. మనల్ని కాసేది అదే.

అపోహ: నిఫ్టీ ఫండ్లన్నీ ఒకటే, ఏది కొన్నా ఫర్వాలేదు.

కంపెనీలు అవే, ఖర్చులు వేరు. ఇండెక్స్ ఏడాదికి 12 శాతం పెరిగిందనుకుందాం (పెరుగుతుందని చెప్పడం లేదు). పది లక్షలు ఇరవై ఏళ్ళు ఉంచితే, 0.2 శాతం ఖర్చున్న ఫండ్‌లో సుమారు 93 లక్షలవుతుంది. 1 శాతం ఖర్చున్న దాంట్లో 81 లక్షల లోపే. మధ్యవర్తి లేకుండా నేరుగా ఫండ్ కంపెనీ దగ్గర కొనే డైరెక్ట్ ప్లాన్‌లో ఖర్చు తక్కువ. రెగ్యులర్ ప్లాన్‌లో నాలాంటివాళ్ళకు కమిషన్ వస్తుంది, ఆ మాట నేనే ముందు చెప్తాను. కాగితాల పనీ మార్కెట్ పడినప్పటి టెన్షనూ మీరే చూసుకోగలిగితే డైరెక్టే తీసుకోండి.

ఖర్చుతో పాటు ట్రాకింగ్ డిఫరెన్స్ కూడా చూడాలి, అంటే ఇండెక్స్ రాబడికీ ఫండ్ రాబడికీ మధ్య తేడా. ఫండ్ కంపెనీల వెబ్‌సైట్లలో ఉంటుంది. పోల్చేటప్పుడు టీవీలో కనిపించే నిఫ్టీ అంకెతో పోల్చకండి, అందులో డివిడెండ్లు కలవవు. డివిడెండ్లు కలిపిన టీఆర్‌ఐతో (టోటల్ రిటర్న్ ఇండెక్స్) పోల్చాలి. "మా ఫండ్ నిఫ్టీని దాటేసింది సార్" అని ఎవరైనా సంబరపడితే, చాలాసార్లు వాళ్ళు చూసింది టీవీ అంకె.

అపోహ: పది రూపాయల ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ ధర) ఉన్న కొత్త ఫండ్ చవక.

కాదు. నిఫ్టీ పది శాతం పెరిగితే 10 రూపాయలది 11 అవుతుంది, 200 రూపాయలది 220 అవుతుంది. మీ లక్ష రెండు చోట్లా లక్షా పదివేలే.

అపోహ: ఇండెక్స్ కాబట్టి ఎఫ్‌డీలా సేఫ్.

2020 జనవరిలో 12,362 దగ్గరున్న నిఫ్టీ మార్చి 23కి 7,610కి వచ్చింది. అప్పుడు త్వరగానే కోలుకుంది. 2008 జనవరిలో 6,288 దగ్గర కొన్నవాళ్ళ సంగతి వేరు. ఆ అక్టోబరుకి నిఫ్టీ 2,524 అయింది. 2010 నవంబరులో ఒకసారి పాత స్థాయిని తాకినా, దాన్ని దాటి నిలదొక్కుకునేసరికి 2014 వచ్చింది. రెండేళ్ళలో అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు ఆ డబ్బు ఇందులో పెట్టమని నేను చెప్పను.

అపోహ: అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున కూడా ఇదే పెట్టొచ్చు.

తొందరపడొద్దు. అమెరికా పన్ను చట్టం మన మ్యూచువల్ ఫండ్లను పీఎఫ్‌ఐసీలుగా, అంటే ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీలుగా చూస్తుంది. అమ్మేటప్పుడు పన్ను భారం ఇక్కడికంటే బాగా ఎక్కువయ్యే అవకాశం ఉంది, మామూలుగా 8621 అనే ఫారం కూడా ఒక్కో ఫండ్‌కు విడిగా ఇవ్వాలి. మన ఫండ్ కంపెనీల్లో కొన్ని అసలు అమెరికా ఎన్నారైల డబ్బే తీసుకోవు. ముందు అబ్బాయిని అక్కడి సీపీఏతో (మన సీఏ లాంటివాళ్ళు) మాట్లాడమనండి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేయండి.